గ్లాసు ఖాళీ అయ్యేదాకా

చెడువార్త చెప్పేముందు అల్లం టీ ఇస్తే జనం గొడవ చేయరని, ఫిర్యాదులు సగానికి సగం తగ్గుతాయని ఎవరో పరిశోధించి తేల్చారు. ఇంటికెళ్లాక ఎంత ఏడుస్తారో మాత్రం వాళ్లు చూడలేదు. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో అదే నియమమైంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ వార్త గురించి ఎవరూ నోరు విప్పకూడదు. రానురాను ఇళ్లలోనూ అదే అలవాటైంది. సరదాకి టీ తాగేవాళ్లు ఊళ్లో మిగల్లేదు.

విజయనగరంలో ఒక ఆసుపత్రిలో ఆ టీ అందించడమే వరహాలమ్మ ఉద్యోగం. ఆమె ఎవరి మొహమూ చూడదు. గ్లాసు చేతికిచ్చి, "మెల్లగా తాగండమ్మా" అని పక్కకి తప్పుకుంటుంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర భర్త చెప్పులు లేవు. కూతురు సుగుణ వంటింట్లోంచి గ్లాసు పట్టుకొచ్చింది. అల్లం వాసన వేసింది.

"ఏటే ఇది?"

"మెల్లగా తాగమ్మా," అంది సుగుణ, మొహం పక్కకి తిప్పుకుని.

వరహాలమ్మ కూర్చుని తాగింది. చక్కెర కాస్త ఎక్కువైందనిపించింది. అడుగున ఒక్క గుక్క మిగిలి ఉండగానే గ్లాసు కూతురి ముందు పెట్టింది.

"ఇంకొంచెం పొయ్యవే," అంది.