ప్రవళిక వాటా

కంప్యూటర్ చిప్‌లు చేసే ఒక చిన్న కంపెనీ షేర్ల విలువలో పెద్ద కంపెనీని దాటేసిన రోజు, గంగాధర్ బాన్సువాడ బజారు నుంచి జిలేబీ తెచ్చాడు.

"నీ పగ తీరింది పో!" అన్నాడు భార్య ప్రవళికతో.

పెద్ద కంపెనీలో ప్రవళిక గీసిన చిప్ డిజైన్‌ను మేనేజర్ తనదని చెప్పుకొని, ఆమెనే ఉద్యోగంలోంచి తీసేయించాడు. ఆ కసితోనే ఆమె నగలమ్మి, దానికి పోటీగా ఉన్న చిన్న కంపెనీ షేర్లు కొన్నది.

ప్రవళిక జిలేబీ ముట్టలేదు. ఫోన్‌లో వార్త చూపించింది. చిన్న కంపెనీకి కొత్త సీఈఓ ఆ మేనేజరే.

"థూ! మన పైసలతోని వాడు బాగుపడుడా? ఇప్పుడే అమ్మెయ్!"

"అమ్మను. అప్పుడు వాడు నాకు బాసు. ఇప్పుడు నేను ఓనర్లల్ల ఒకదాన్ని," అన్నది ప్రవళిక. "షేర్లున్నోళ్ల మీటింగ్‌ల అందరి ముంగట లేచి అడుగుత, గా డిజైన్ ఎవరిదని. ఇగ చెప్పకుంట యాడికి పోతడు?"