ఇంటికి పంపే ఆట

పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినావిడ అద్దంలో జుట్టు సర్దుకుంటుండగా ఫోటోగ్రాఫరు ఫోను మోగింది. కూతురు బొమ్మ పంపింది.

ఆట అతను నేర్పిందే. భార్యాకూతుళ్లున్న ఇల్లు వదిలి వేరే గది తీసుకుని ఉంటున్నప్పటి నుంచీ రోజూ ఏదో ఒక జంతువును తప్పు చోట అతికించి పంపుతాడు. బస్సు సీట్లో పెంగ్విన్, బ్యాంకు క్యూలో కంగారూ. దాని సొంతూరు ఎక్కడో కూతురు చెప్పాలి. చెబితే దాన్ని ఇంటికి పంపినట్టే. అలా ఆడుతూ పాడుతూ సగం భూగోళం కూతురికి కంఠతా వచ్చేసింది.

"నీడ చూడు తల్లీ, అతికించిందైతే నీడే పట్టిస్తుంది" అని కిటుకు కూడా చెప్పాడు.

ఈసారి ప్రశ్న కూతురిది. పాత ఇంటి సోఫాలో, వాళ్లమ్మ పక్కన, ఒంటె తలకాయతో ఒక మనిషి. చెవుల దగ్గర కత్తిరింపు వంకర. అతనికి నవ్వొచ్చింది.

"దీన్ని ఎక్కడికి పంపాలి నాన్నా?"

బొమ్మను పెద్దది చేసి చూశాడు. అతికించింది తల ఒక్కటే. వాళ్లమ్మ భుజం మీదున్న చేతికి నీడ సరిగ్గానే పడింది.

"ఎడారికి" అని కొట్టాడు.

వెంటనే జవాబొచ్చింది. "తప్పు! ఓడిపోయావ్ నాన్నా! ఇకనుంచి దీని ఇల్లు ఇదేనట. అమ్మ చెప్పింది."

ఫోను బోర్లించి కెమెరా దగ్గరికి వెళ్లాడు.

"కొంచెం నవ్వొచ్చాండీ?" అని అడిగింది ఆవిడ.

"వద్దండీ. పాస్‌పోర్టుకి ముఖంలో ఏమీ కనిపించకూడదు" అన్నాడు.