ఇంకాస్త వంచండి

"తల ఇంకా వంచు. గడ్డం గుండెకు ఆనాలి," అంది అత్తగారు.

స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న కొత్త కోడలు వంచింది. తండ్రి పోయి నెల కూడా కాలేదు. తల వంచగానే కళ్లలో నీళ్లు బొటబొటా రాలాయి.

"ముందా కుళాయి కట్టెయ్! మా ఇంట్లో కోడలు తలెత్తదు, గొంతెత్తదు. ఫొటోలో నవ్వకూడదు, ఏడవకూడదు. మా పెద్ద కోడలికి నాలుగేళ్లయినా ఇది ఒంటబట్టలేదు. పుట్టింటికి సాగనంపాం. నీకిప్పుడు ఆ పుట్టిల్లు కూడా లేదు, గుర్తుంచుకో."

కెమెరా వెనక నుంచి ఫొటోగ్రాఫర్ బయటికి వచ్చింది.

"అమ్మాయికి తెలియడం లేదండీ. మీరోసారి కూర్చుని చూపించకూడదూ? మీ అంత పద్ధతిగా ఎవరు కూర్చోగలరు?"

పొగిడితే పొంగనిదెవరు? అత్తగారు దర్జాగా స్టూలెక్కింది.

"ఇంకాస్త వంచండి. చూపు పాదాల మీదే ఉండాలి. చేతులు ఒళ్లో."

"చాలా?"

"మాట్లాడకండి, పెదవులు కదులుతున్నాయి."

పెద్ద లైటు ఆవిడ మెడ మీద వేడిగా పడుతోంది. ఫొటోగ్రాఫర్ తీరిగ్గా లెన్సు తుడిచింది. మళ్లీ తుడిచింది. పది నిమిషాలు గడిచాయి.

"అమ్మా, మెడ పట్టేసింది..."

"పంటి బిగువున ఓర్చుకోవాలండీ. ఆడవాళ్లం కదా!"

ఆ మాట అంటుంటే ఫొటోగ్రాఫర్‌కి కచ్చగానూ ఉంది, హాయిగానూ ఉంది.

నొప్పికి అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగి ముక్కు మీదుగా జారాయి. పక్కన నిలబడ్డ కొత్త కోడలు ఆపుకోలేక కిసుక్కున నవ్వింది.

కెమెరా క్లిక్కుమంది.

"భలే కుదిరిందండీ! కోడలి నవ్వు, అత్తగారి ఏడుపు, రెండూ పడ్డాయి."

అత్తగారు మెడ పట్టుకుని లేచింది. "చెరిపెయ్! మా పరువేం కాను?"

"మీరు చెప్పినట్టే కూర్చున్నారు కదండీ, పరువుకేం? ఈ ఫొటో నా దగ్గరే ఉంటుంది. ఈ పిల్లని పొమ్మన్న రోజున పెద్దది చేయించి, వీధివైపు షోకేసులో పెడతాను."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది.

"ఎవరే నువ్వు? నీ మొహం ఏనాడూ చూసి ఎరగను. నామీద ఇంత కక్షేంటి?"

నిజమే, పెద్ద కోడలిని ఆవిడ ఏనాడూ తల ఎత్తనివ్వలేదు.