నాచు మందు

“తప్పు నాది సార్. మా ఆయన తాగలే. ఆయన నోట్ల మందు పోసింది నేనే!” ఉమ రెండు చేతులూ జోడించింది.

మఠంపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ గేటు అది. కోదాడ నుంచి పనివాళ్లను తెచ్చే బస్సుకు ఆమె భర్త నగేష్ డ్రైవరు. నిన్న పొద్దున డ్యూటీ ఎక్కబోతుంటే, తాగొచ్చారేమో ఊదించి చూసే మిషన్ కూత పెట్టింది. అక్కడికక్కడే అతన్ని పని నుంచి తీసేశారు.

బస్సుల ఇన్‌చార్జి యుగంధర్ అయోమయంగా చూశాడు. “నువ్వు పోసుడేందమ్మా?”

ఉమ సంచిలోంచి ఆకుపచ్చ సీసా తీసింది. “గిది సార్. నోరు పుక్కిలించేది. సముద్రంల నాచుతోని చేస్తరంట. ఎసుంటి కంపునైనా గుంజేస్తదని మిర్యాలగూడ మెడికల్ షాపాయన ఇచ్చిండు. ఈయన గుట్కా వాసన పడలేక మొహం తిప్పుకునేదాన్ని. ఇది వాడినకాడి నుంచి నోట్లె ఏ వాసనా లేదు. నిన్న గూడ పుక్కిలించే బయల్దేరిండు. ఇందుల స్పిరిట్ ఉంటదంట సార్, అందుకే మిషన్ పట్టిందంట. ఆయన చెప్పేదాక నాకేం తెల్సు?”

తన ముక్కు సుఖం చూసుకుని మొగుడి నోటికాడి కూడు తీశానని నిన్నటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

నగేష్ వెనక నుంచి ఆమె చేయి పట్టి లాగాడు. “పోదాం పా ఉమా. పోతే పోయింది నౌకరి. ఇంకోటి సూసుకుంట.”

ఇంత చేసినా పల్లెత్తు మాట అనడం లేదు. ఆ మంచితనమే ఆమెను మరింత కుంగదీసింది.

“నువ్వూకో” అని చేయి విడిపించుకుంది. “సార్, పుట్టి బుద్ధెరిగి నేను చుక్క ముట్టలే. మీ ముందల్నే దీంతోని పుక్కిలించి ఊదుత. మిషన్ కూస్తే మా ఆయన తాగనట్టే గద?”

యుగంధర్ ఆమె మొహం చూశాడు. కాదనలేకపోయాడు. “సరే అమ్మా. కూస్తే ఇప్పుడే డ్యూటీ ఎక్కిస్త.”

“వద్దంటున్న గద ఉమా!” నగేష్ సీసా గుంజుకోబోయాడు.

ఉమ వినలేదు. మూత నిండా పోసుకుని బుగ్గలుబ్బించి పుక్కిలించింది. గేటు పక్కన ఉమ్మేసి వచ్చి, మిషన్ గొట్టం నోట పెట్టుకుంది. దేవుణ్ని తలుచుకుని, లోపలి ఊపిరంతా అయిపోయేదాకా ఊదింది.

మిషన్ కూయలేదు.