గీకేసిన పేరు

సంచిలోంచి తీసిన పుస్తకాన్ని ముసలాయన బల్ల మీద పెట్టాడు.

"ఏమిటిది?" నకలు రాస్తున్న క్విరికె తలెత్తకుండానే అడిగాడు.

"దక్షిణపు మఠం నుంచి, బాబూ. గ్రీకులోంచి మన జార్జియన్‌లోకి తెచ్చిన కీర్తనలు. మీ దగ్గర నకలు రాయించాలని."

"రాసిందెవరు?"

"జెబెదె."

క్విరికె చేతిలో కలం ఆగిపోయింది. ఒళ్ళు భగ్గుమంది.

అతని గురువు ఓక్రోపిరి ఇదే బల్ల దగ్గర పదకొండేళ్ళు కూర్చుని ఇవే కీర్తనలను తర్జుమా చేశాడు. తప్పొప్పులు చూడమని దక్షిణపు మఠానికి పంపితే అక్కడి పండితుడు జెబెదె రెండు ముక్కల జవాబు రాశాడు. 'అంతా తప్పులు. తోలైనా పనికొస్తుందని గీకించేశాను.' సిరా గీకేసిన ఆ తోలు ఆకుల మీద వాళ్ళు ఇంకేవో రాసుకున్నారు. ఆ చలికాలం దాటకుండానే గురువు పోయాడు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. సమాధి మీద మట్టి పోస్తూ, పగ తీర్చుకుంటానని క్విరికె ఒట్టు పెట్టుకున్నాడు. జెబెదె మొహం అతనెన్నడూ చూడలేదు. మొహంతో పనిలేదు, పేరు చేతికి చిక్కితే చాలు.

పుస్తకం పూర్తిచేసినవాడు చివరి ఆకు మీద తన పేరు రాసి, నా కోసం ప్రార్థించండి అని వేడుకోవడం ఆనవాయితీ. వాడు మట్టిలో కలిసినా, పుస్తకం తెరిచిన ప్రతివాడూ ఆ పేరు చదివి ఒక ప్రార్థన చేస్తాడు. ఆ పేరే లేకపోతే ఆ ఆత్మను తలిచే దిక్కుండదు.

"పెద్దాయనా, తోలు గీకడం వచ్చా?"

"చిన్నప్పుడు అదే పని చేసేవాణ్ణి."

"చదవడం?"

"వచ్చు. కళ్ళే పోయాయి. ముక్కు ఆనిస్తే తప్ప అక్షరం కనబడదు."

"అంత చూపు చాలు." క్విరికె మొహం పక్కకు తిప్పుకుని చివరి ఆకు తెరిచాడు. చాకు ముందుకు తోశాడు. "దీని మీదున్నదంతా గీకెయ్. వాడి రాత మీద నేను కన్ను కూడా వెయ్యను."

ముసలాయన చాకు అందుకోలేదు. "అంత కోపమా, బాబూ?"

"కోపమెప్పుడో పోయింది. పగ మిగిలింది."

"చేసింది తప్పని తెలిసి ఏడుస్తున్నాడేమో."

"ఏడవనీ! ఇక్కడికొచ్చి ఏడిస్తే వాడి తోలు కూడా గీకుతా. మా గురువు ఆఖరున ఏమన్నాడో తెలుసా? 'నాకు గ్రీకు రాదటరా, క్విరికె' అన్నాడు. నలభై ఏళ్ళు గ్రీకు చదివిన మనిషి! అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు."

ముసలాయన చాకు తీసుకున్నాడు.

ఆకును ముక్కు దాకా తెచ్చుకుని, వరసలు వేలితో తడుముకుంటూ గీకడం మొదలుపెట్టాడు. చాకు వెన్న మీద నడిచినట్టు నడుస్తోంది.

"గీకుతున్నావా, ముద్దు పెట్టుకుంటున్నావా?"

"తోలు పాడైపోతుంది, బాబూ."

"పోతే పోనీ! వాడి పేరు దగ్గరైనా గట్టిగా గీకు. ఆనవాలు కూడా మిగలకూడదు."

"అక్కడ గట్టిగానే గీకుతాను."

మాట నిలబెట్టుకున్నాడు. ఆఖరి వరసలో ఒకచోట చాకును నొక్కి నొక్కి తిప్పాడు.

క్విరికెకు కడుపు చల్లబడింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి మనసారా నవ్వాడు. బార్లీ రొట్టె, ఉప్పు జున్ను, గిన్నెడు ద్రాక్షసారా తెచ్చి ముసలాయన ముందు పెట్టాడు.

ముసలాయన రొట్టె తుంచాడు గానీ నోట పెట్టుకోలేదు.

"మీ గురువుగారి సమాధి ఎక్కడ?"

"గుడి వెనక, అక్రోటు చెట్టు కింద. నీకెందుకు?"

"దణ్ణం పెట్టుకుని పోతాను."

"పెట్టుకో, పెట్టుకో. ఆయన పగ తీర్చిన చెయ్యి నీదే కదా!"

ముసలాయన ఆ చేతిని ఒకసారి చూసుకుని, రొట్టె తీసుకుని, గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు.

సాయంత్రం గురువుకు ఆ కబురు చెబుదామని క్విరికె సమాధి దగ్గరికి వెళ్ళాడు. ముసలాయనకు పెట్టిన రొట్టె మొత్తం అక్కడే ఉంది. 'మతిమరుపు ముసలాడు' అనుకున్నాడు. కొండదారి మీద ఎవరూ కనిపించలేదు.

మర్నాడు ఎండెక్కాక కొత్త కలం చెక్కుకుని కూర్చున్నాడు. ఖాళీ అయిన ఆ ఆకు మీద ఓక్రోపిరి పేరు రాయాలని అతని ఆలోచన. శత్రువు చాకిరీకి గురువు పేరు! ఇంతకు మించిన పగ ఇంకెవడు తీర్చుకోగలడు?

గీకిన తోలు మీద రాసేముందు దాన్ని ఎండకు పట్టి చూడటం రాతగాళ్ళ అలవాటు. క్విరికె ఆకును కిటికీకి పట్టాడు.

సిరా పోయింది గానీ మరక తోలులోనే ఉంది. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి.

'ఈ కీర్తనలు ఓక్రోపిరిగారివి. ఆయన చూసి తర్జుమా చేసిన పాత గ్రీకు ప్రతి నాకు ఆలస్యంగా దొరికింది. తప్పు ఆయనది కాదు, నాది. నేను గీకించిన ఆకులన్నీ వెతికి, ఒక్కొక్కటీ ఇలాగే ఎండకు పట్టి ఎనిమిదేళ్ళు చదివాను. ఆయన మాట ఒక్కటీ మార్చకుండా తిరిగి రాశాను.'

గురువు పేరును తానే గీకించాడు. క్విరికె ఆకు ఇంకా పైకెత్తి మిగతా వరసలు చదివాడు.

'చదివేవారు ఓక్రోపిరి కోసం ప్రార్థించండి. నా కళ్ళు ఈ పనిలోనే పోయాయి. అయినా ఈ పుస్తకం ఇంకొకరి చేతికివ్వను, నేనే మోసుకెళ్ళి ఆయన శిష్యుడి కాళ్ళ మీద పడతాను. ఇట్లు, పాపి...'

ఆ తర్వాత, ముసలాయన చాకును నొక్కి నొక్కి తిప్పిన చోట, ఒక చిల్లు మాత్రమే ఉంది.