ఒడ్డు చూపే బాణం

"ముందు నీళ్లల్లో ముంచి చూపీప్పా. ఆ తర్వాతే బేరం" అంది దీవెనమ్మ.

అబ్దుల్ సలాం చేతిలోని జీపీఎస్‌ను గభాలున వెనక్కి లాక్కున్నాడు. "ఇదేమన్నా చింతపండామ్మా, నానబెట్టేకి? కువైట్ సరుకు."

"పడవలో పొయ్యేటోని కోసరం కదా. తడిస్తే సచ్చే మిషన్ నాకెందుకు?"

ప్రొద్దుటూరు బజారులోని ఆ ఫారిన్ సామాన్ల అంగట్లో సెంటు సీసాలు, టార్చిలైట్లు, దుప్పట్లు ఇట్టే అమ్ముడవుతాయి. ఎక్కడున్నామో, ఎటు పోవాలో చెప్పే ఈ చేతి మిషన్లు రెండూ మాత్రం ఏడాదిగా అద్దాల బీరువాలోనే ఉన్నాయి. కువైట్‌లో ఆరేళ్లు చేపల పడవ మీద పనిచేసిన సలాం, మోజుపడి తెచ్చుకున్నవి అవి.

"పెన్నలో ఇసక తప్ప నీళ్లు యాడుండాయి? ఇసక ట్రాక్టరోళ్లకు అమ్ముకో పో" అని దినమూ దెప్పే అతని భార్య గుల్జార్‌బీ, ఇప్పుడు నోరెత్తకుండా బకెట్ నిండా నీళ్లు తెచ్చి దీవెనమ్మ ముందు పెట్టింది.

సలాం మొదట తన చేతిలోని ఖరీదైనదే చూపించాడు. "ఇది రంగులది. సముద్రం పటమంతా కనపడతాది."

దీవెనమ్మ దాన్ని పట్టుకుని వీధిలోకి నడిచింది. ఎండలో నిలబడి అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి వచ్చింది. "ఎండలో బొమ్మే కనపల్లా. దీనికి కరెంటు పెట్టాల్నా?"

"ఛార్జింగు పెట్టాల."

"పడవలో కరెంటు యాడిదప్పా?"

సలాంకు నవ్వొచ్చింది. పెద్దముడియం నుంచి ఈ ప్రొద్దుటూరు దాకా తప్ప ఎక్కడికీ పోయి ఎరగని మనిషి, పడవవాడు అడగాల్సిన మాటలే అడుగుతోంది. రంగులదాన్ని బీరువాలో పెట్టేసి, బూడిదరంగుది తీసి బకెట్‌లో వేశాడు. అది ఒకసారి మునిగి, బెండులా పైకి తేలింది.

"పెన్సిల్ సెల్లుల మీద నడుస్తాది. చేయి జారినా మునగదు. నేనైతే ఇదే కొంటా."

"ఎట్ల నొక్కాలో చెప్పు. వానికి ఇంగ్లీషు రాదు."

"బాణం చూసేకి ఇంగ్లీషు యాలమ్మా? పడవ ఎక్కకముందు ఒడ్డున నిలబడి ఈ మీట నొక్కాల. ఆ తావు గుర్తు పెట్టుకుంటాది. దిక్కు తెలీకపోతే ఆ గుర్తు తీసుకుని ఈ బాణం చూడాల. అది ఒడ్డు తట్టే చూపిస్తాది. ఒగటే మాట, పడవ కదుల్తా ఉండాల. నిలబడిపోతే బాణం కూడా తిక్కతిక్కగా తిరుగుతాది."

"ఒడ్డున నొక్కాల... కదుల్తా ఉండాల..." పెదవుల మీదే రెండుసార్లు అప్పజెప్పుకుంది. "మబ్బు పట్టినా చూపిస్తాదా?"

"చూపిస్తాది."

"మంచు పడితే?"

"దానికి మంచూ లేదు, చీకటీ లేదు. ఏమయిందమ్మా?"

"పోయిన వారం మంచులో ఒడ్డు తప్పినాడంట. ఒగ పగలూ ఒగ రాత్రీ నీళ్ల మీదనే. నెల్లూరు కాన్నుంచి ఫోన్ చేసి ఏడ్సినాడు."

 సలాం కూడా కువైట్‌లో ఒకసారి అలాగే రెండు రోజులు తిరిగాడు. నీళ్లన్నీ ఒకేలా కనిపిస్తుంటే, చివరికి దేవుణ్ని కాదు, అమ్మను పిలిచాడు.

ఇంతలో వీధిలోకి పార్టీ జెండాల జీపు ఒకటి వచ్చింది. మైకులో ఓట్ల అరుపులు. వెనక సీట్లో ఉన్నవాళ్లు అంగళ్లలోకి తొంగి చూస్తున్నారు. దీవెనమ్మ జీపీఎస్‌ను కొంగులో చుట్టి, దుప్పట్ల మూట వెనక్కి జరిగింది. మైకు మోత దూరమయ్యేదాకా కదల్లేదు.

సలాంకు అర్థమైంది. గొంతు తగ్గించి అడిగాడు. "మీవాడు ఏ తట్టు మనిషమ్మా?"

"ముందు ఒగ తట్టే. ఇప్పుడు రెండు తట్లకూ కానోడయినాడు. ఊర్లో బస్సు దిగితే చాలు, ముక్కలు చేస్తారు. అందుకే నీళ్ల మీద బతుకుతాండాడు."

"పెద్దమనుషుల్ని పెట్టి రాజీ చేసుకుంటే పోలా?"

"రాజీ మాట ఎత్తొద్దప్పా." ఆమె గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. మళ్లీ తనే సర్దుకుంది. "దినామూ మోకాళ్లేసి ప్రార్థన చేస్తాండా. వానికేమీ కాకూడదని. అన్నం తినేటప్పుడూ అదే ధ్యాస, వాడు తిన్యాడో లేదో అని."

గుల్జార్‌బీ కళ్లు తుడుచుకుంది. "అట్లనే ఉంటాది లేక్కా. మా ఇంటాయన కువైట్‌లో ఉన్నన్నాళ్లూ మా అత్త గూడా ఇంతే."

దీవెనమ్మ ఆమెవైపు ఒకసారి చూసి, డబ్బు సంచీ తీసింది.

పాడి ఎనుమును అమ్మి తెచ్చిన డబ్బు ఇచ్చి, ఆమె జీపీఎస్ తీసుకుంది. నెల్లూరు పోయే మనిషికి రేపు పొద్దున్నే దాన్ని అందించాలట. సలాం నాలుగు జతల సెల్లులు ఊరికే ఇచ్చాడు. అవి తడవకుండా ప్లాస్టిక్ కవరులో వేసి మూతి బిగించి కట్టాడు. మెడకు తగిలించుకునేందుకు తాడు కూడా కట్టాడు.

"ఈ తాడు ఎప్పుడూ తియ్యొద్దని చెప్పుమ్మా. ఇంగ దిగులుపడాకు. నీ కొడుకు తప్పకుండా ఒడ్డు చేరతాడు."

మెట్టు దిగబోతున్న దీవెనమ్మ ఆగింది.

"నా కొడుకు మూడేండ్లుగా మట్టిలో ఉండాడప్పా" అంది నెమ్మదిగా. "వాన్ని నరికిన నలుగుర్లో వీడొకడు. తక్కిన ముగ్గురి పేర్లూ కోర్టులో చెప్తానని ఒప్పుకున్యాడు. అందాకా వీన్ని సముద్రానిక్కూడా ఇయ్యను."