ఏడో నంబరు మనిషి

రికార్డు రూము గుమాస్తా నూర్ మొహమ్మద్ దుమ్ము దులిపి ఫైలు చేతికిచ్చాడు.

"ముప్పై అయిదేళ్ల నాటిది సార్. ఈ నెల్లో తగలబెట్టమని ఆర్డరు. మీరే పట్టుకుపోండి. అయినా ఇప్పుడెందుకిది?"

"మా నాన్న మీద పోలీసులకి చెప్పినోడెవుడో తేల్చాలి భాయ్" అన్నాడు నాగభూషణరావు.

వాళ్ల నాన్న గోపాలకృష్ణయ్య మాచవరంలో బడిపంతులు. నలభై తొమ్మిదిలో కమ్యూనిస్టని సర్టిఫికెట్టు రద్దు చేసి ఇంటికి పంపారు. ఆ కుర్చీలో తోటి పంతులు ధనుంజయరావు కూర్చున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆనాటి నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. రేపు ధనుంజయరావుకి బడిలో సన్మానం. ఆ మైకులోనే ఫైలు చదివి ముసలాడి పరువు తీయాలని నాగభూషణరావు పంతం.

బస్సులోనే ఫైలు తెరిచాడు. నిండా ఘోరమైన నేరాలు. పంతులింట్లో రెండు ఎర్ర సిరా బుడ్లు దొరికాయట. ఆయన చెప్పే లెక్కల్లో ఎప్పుడూ భూస్వామికే నష్టం వస్తుందట. ముద్దాయి మజ్జిగలో ఉప్పు వేసుకోడట. దాని కింద ఇన్‌స్పెక్టరు రెండు గీతలు గీసి, 'రహస్య సంకేతమా? విచారించవలెను' అని రాశాడు.

చెప్పిన మనిషి పేరు లేదు. 'ఏడో నంబరు' అని మాత్రం ఉంది. 'మంచినీళ్లడిగి, అరుగు మీద కూర్చుని, చుట్టరికం కలిపి విషయములు రాబట్టడమైనది. ముద్దాయి పేరు చెప్పమనగా ఎంతకూ చెప్పలేదు. మేమే చదవగా తలూపడమైనది.'

ఇంటికొచ్చేసరికి తల్లి పుల్లమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపించాడు. మజ్జిగ దగ్గర ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"రేపు మైకులో చదవబాకురా" అంది.

"ఎందుకు చదవగూడదు? నాన్న పోయేదాకా ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. నువ్వు వాళ్లింటికి పేరంటానికి గూడా పోలా."

"ఆ ధనుంజయరావుకేం తెలవదురా, పాపం."

"పాపమా! చేసిందంతా చేసి, పేరు చెప్పటానికి దమ్ముల్లేవు ఎదవకి. అన్ని సంగతులు కక్కినోడికి ఆ ఒక్క పేరు చెప్పటానికి ఏం రోగమే అమ్మా?"

పుల్లమ్మ తల ఎత్తకుండా ఇంకో చిక్కుడుకాయకి ఈనె తీసింది.

"మొగుడి పేరు నోటితో ఎట్టా చెప్పమంటావురా?" అంది.